ఏసోబు పడిన దెబ్బ

నాచారంలోని ఆ ప్రయోగశాలలో అప్పటికి పదకొండుసార్లు ఏసోబు దవడ మీద గుద్దు పడింది. పదకొండుసార్లూ కంప్యూటర్ తెర మీద గీత కదల్లేదు. గుద్దుతున్నవాడు కూడా సినిమా ఫైటరే. దవడకి అంగుళం ఇవతల చెయ్యి ఆపడం అతనికి ఏళ్ల తరబడి అలవాటు. ఏసోబు తల విసిరి, నోట్లోంచి ఎర్రరంగు ఊసి, కింద పడుతున్నాడు. చూసేవాళ్ళ ఒళ్ళు జలదరిస్తోంది. అతని మెడ వెనక అతికించిన పట్టీ మాత్రం నమ్మడం లేదు.

"ఇది నటనకి లొంగేట్టు లేదు మేడమ్," అన్నాడు ఏసోబు పెదవి తుడుచుకుంటూ. "నిజంగా ఒకటి తగిలిద్దాం. కొట్టరా బాషా, గట్టిగా."

ప్రయోగశాల నడిపే వకుళ వద్దనేలోపే బాషా కొట్టాడు. గీత ఎగిరి తెర పైఅంచుని తాకింది. అద్దానికి అవతల కూర్చున్న దర్శకుడు మార్తాండ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ పట్టీని వకుళ సినిమాల కోసం తయారుచెయ్యలేదు. పుట్టీ పుట్టగానే గాజుపెట్టెలో పెట్టిన పసిబిడ్డలకి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పే నోరు ఉండదు. బిడ్డ మెడ వెనక ఒక పట్టీ, నర్సు మెడ వెనక ఒక పట్టీ. బిడ్డ ఒంట్లో కలిగే స్పర్శా నొప్పీ నర్సు ఒంట్లో అదే చోట కలుగుతాయి. మొదటి వారంలోనే ఒక నర్సు ఉన్నట్టుండి పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. ఆమెకేమీ కాలేదు. పెట్టెలో ఉన్న బిడ్డకి పేగు మెలిపడింది. గంటలో ఆపరేషన్ చేశారు. బిడ్డ బతికింది. వకుళ ఆ రోజు ఇంటికి వెళ్ళి పిచ్చిదానిలా నవ్వుతూ తిరిగింది.

తర్వాత రెండేళ్లపాటు ఏ ఆసుపత్రీ ఆ పట్టీని కొనలేదు. ప్రయోగశాల మూతపడే పరిస్థితిలో ఉత్తుంగ పిక్చర్స్ అనే సినిమా సంస్థ వచ్చి పట్టీ మీద పదేళ్ల హక్కులు తీసుకుంది. సినిమా బయటకి రాగానే వెయ్యి ఆసుపత్రులకి పట్టీలు ఉచితంగా ఇస్తామంది. వకుళ సంతకం పెట్టింది.

సినిమా పేరు రణసభ. వందేళ్ల తర్వాత దేశంలో కోర్టులు ఉండవు. తగాదా పడ్డవాళ్ళు టీవీలో కొట్టుకోవాలి, జనం ఓటేసినవాడు గెలుస్తాడు. హీరో ఆ పద్ధతినే ఎదిరిస్తాడు, కాని ఎదిరించడం కోసం రెండున్నర గంటలూ కొడుతూనే ఉంటాడు.

"ఇది హింస మీద వ్యంగ్యం, వకుళ గారూ," అన్నాడు మార్తాండ్. "జనం చూసి సిగ్గుపడాలి."

"సిగ్గుపడటానికి నొప్పి ఎందుకండీ?"

"ఊరికే చూస్తే ఎవరూ సిగ్గుపడటం లేదు కాబట్టి."

ఆ జవాబు అప్పట్లో వకుళకి నచ్చింది.

థియేటర్‌లో ప్రతి సీటుకీ ఒక పట్టీ ఉంటుంది. షూటింగ్‌లో ఏసోబు పట్టీ రాసుకున్న నొప్పిలో పన్నెండో వంతు మాత్రమే ప్రేక్షకుడికి చేరుతుంది. దానికి ముందు భయాన్ని వడకడతారు. నొప్పిలోంచి భయాన్ని తీసేస్తే మిగిలేది హుషారని వకుళ బృందమే కనిపెట్టింది. పసిబిడ్డల నర్సులు హడలిపోకుండా ఉండటానికి కనిపెట్టిన ఉపాయం అది.

ఏసోబు హీరోకి డూప్. బాపట్ల పక్కనుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చాడు, ఇప్పుడు నలభై నాలుగు. రెండు ఎముకలు అతుకుపడ్డాయి, ఒక చెవి సరిగ్గా వినపడదు. ఒక ఆదివారం అతన్ని పరీక్షించడానికి వకుళ కృష్ణానగర్‌లోని వాళ్ళింటికి వెళ్ళింది. రెండు గదులు, మేడ మీద. అతని భార్య సువార్త అదే సినిమాలో కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేస్తుంది. చిరిగిన బట్టలు కుట్టడం, నెత్తుటి మరకలు వెయ్యడం, వాటిని మళ్ళీ ఉతకడం ఆమె పని.

వకుళ వెళ్ళేసరికి ఏసోబు బోర్లా పడుకుని ఉన్నాడు. సువార్త అతని వీపుకి వేడి ఉప్పుమూట కాపడం పెడుతోంది. వీపంతా నల్లగా కమిలిపోయి ఉంది.

"ఇదంతా సినిమాలోదేనా?" అంది వకుళ.

"మీ యంత్రంలోదేనమ్మా," అంది సువార్త. "ఇదివరకు పరుపుల మీద పడేవాడు. ఇప్పుడు పరుపులు పలచన చేశారు. పరుపు మందంగా ఉంటే గీత లేవట్లేదంట."



"నువ్వు ఊరుకో," అన్నాడు ఏసోబు దిండులోంచి. "మేడమ్, నేను చెప్పేది వినండి. ఇరవయ్యారేళ్లు పడ్డా. నా వీపు చూశారు జనం, మొహం ఎప్పుడూ చూళ్ళా. దెబ్బ నాది, ఈల హీరోది. ఇప్పుడట్టా కాదు. ఆ కుర్చీలో కూచున్నోడికి తగిలేది నా దెబ్బే. హీరోది కాదు. నేను వాళ్ళ ఒంట్లోకి పోతన్నా."

"పోతే నీకొచ్చేదేంది?" అంది సువార్త.

"నేనున్నానని తెలుస్తది."

"ఎట్టా తెలుస్తది? నీ పేరు ఏస్తారా తెర మీద?"

ఏసోబు నవ్వాడు. పరుపుల మందం పెంచాలని వకుళ మర్నాడే ఉత్తరం రాసింది. సంస్థ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. భద్రత సంగతి ఫైట్ మాస్టర్ చూసుకుంటారు, మీరు పట్టీ సంగతి చూసుకోండి అని. వకుళ ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంది. తర్వాత ఆమె తనని తాను క్షమించుకోలేకపోయింది ఇలా ఊరుకున్నందుకే.

సగం సినిమా పూర్తయ్యాక వందమందిని పిలిచి చూపించారు. వాళ్ళ గుండె వేగాన్ని కొలిచారు. మార్తాండ్ ఎంతో శ్రద్ధగా రాసుకున్న వ్యంగ్య సన్నివేశాల్లో జనం ఆవలించారు. ఏసోబు భుజం నిజంగా తొలగిన చోట వందమందీ ఒక్కసారి ముందుకి వంగారు. వెలుతురు వచ్చాక ఒకామె ఆ ముక్క మళ్ళీ వెయ్యమని అడిగింది. మార్తాండ్ మొహం వెలిగిపోవడం వకుళ చూసింది. సిగ్గు గురించి అతను ఆ తర్వాత మాట్లాడలేదు.

పతాక సన్నివేశం ఊరి బయట స్టూడియోలో పట్టపగలు తీశారు. ముప్ఫై అడుగుల గోడ మీదనుంచి హీరో గాజు పైకప్పుని పగలగొట్టుకుంటూ కింద పడాలి. ఏసోబు నడుముకి బెల్ట్, బెల్ట్‌కి తాడు. తాడుని నలుగురు మనుషులు పట్టుకుంటారు. తాడు మీద ఎర్రటేపు గుర్తు ఉంటుంది. గుర్తు చేతికి రాగానే ఆపెయ్యాలి, మనిషి నేలకి ఆరడుగుల పైన ఆగిపోతాడు. కింద ఒక పలచటి పరుపు పరిచారు.

మార్తాండ్ సరే అనగానే ఏసోబు దూకాడు. గాజు పగిలింది. మనిషి ఆగలేదు. మెడ పక్కకి తిరిగి నేలని తాకింది.

సువార్త ఇస్త్రీపెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అంబులెన్స్ వచ్చేవరకూ, వచ్చి ఆసుపత్రికి వెళ్ళేవరకూ, మొత్తం పంతొమ్మిది నిమిషాలు భర్త చేతిని పట్టుకుని మాట్లాడుతూనే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర అతను పోయాడు. మెడ వెనక పట్టీ అప్పటికీ అతని ఒంట్లో కలిగేదంతా రాసుకుంటూనే ఉంది. ఎవరికీ దాన్ని తియ్యాలని గుర్తు రాలేదు.

ఏసోబు బెల్ట్ సరిగ్గా బిగించుకోలేదని సంస్థ ప్రకటించింది. అతని మీద గౌరవంతో ఆ సన్నివేశాన్ని సినిమాలో అలాగే ఉంచుతున్నామని కూడా ప్రకటించింది. దూకిన క్షణం నుంచి ఒళ్ళు మొద్దుబారే వరకు ఎనిమిది సెకన్లు. పోస్టర్ల మీద సినిమా పేరుకంటే పెద్దగా వేశారు: ఆఖరి ఎనిమిది సెకన్లు, మీ ఒంట్లో. ఆ ముక్క వాడొద్దని వకుళ లాయరు చేత నోటీసు ఇప్పించింది. ఒప్పందం ప్రకారం పట్టీ రాసుకున్నదంతా సంస్థ సొత్తేనని జవాబు వచ్చింది. సంతకం ఆమెదే.

సినిమా విడుదలైంది. మూడు వారాలు టికెట్లు దొరకలేదు. పత్రికలు దాన్ని మన కాలానికి చెంపపెట్టు అన్నాయి. ఒక చర్చా కార్యక్రమంలో నలుగురు మేధావులు గంటసేపు కూర్చుని, మన సమాజం హింసకి ఎంతగా అలవాటుపడిందో ఈ సినిమా చూపించిందని మెచ్చుకున్నారు. నలుగురూ రెండేసిసార్లు చూశామన్నారు.

వకుళ తల్లి విశాలాక్షి తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. వంటింట్లో బొద్దింక కనబడితే చీపురుతో మెల్లగా బయటకి తోలే మనిషి. ఒక సాయంత్రం వకుళ ఇంటికి వచ్చేసరికి ఆవిడ ఇంకా పట్టుచీర మార్చుకోకుండా సోఫాలో కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

"కాలనీ వాళ్ళతో కలిసి మీ సినిమాకి వెళ్ళొచ్చానే," అంది. "ఆ పడే సీను ఉంది చూడు, ఒళ్ళంతా జివ్వుమంది. పదేళ్ల వయసు తగ్గినట్టయింది. బుధవారం మళ్ళీ వెళ్దామంటున్నారు వాళ్ళు."

"అమ్మా, అతను నిజంగా చచ్చిపోయాడు."

"తెలుసమ్మా, పేపర్లో వేశారుగా. పాపం." ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "అందుకే కదా అంత సహజంగా ఉంది."

వకుళ తల్లి మొహంలోకి చూసింది. అందులో ఎక్కడా క్రూరత్వం లేదు. తనకి జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుని తడిగుడ్డ వేసిన మొహమే అది. వకుళకి చెప్పలేనంత కోపం వచ్చింది. తల్లి మీద కొంత, తన మీద ఎక్కువ. భయాన్ని వడకట్టింది తనే.

మర్నాడు పొద్దున సువార్త ప్రయోగశాలకి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"ఆ పట్టీ నాకు కట్టండి."

"వద్దు సువార్తా. నువ్వు తట్టుకోలేవు."

"మా వీధి చివర కిరాణా కొట్టాయన చూశాడు. మా ఇంటి ఓనరు చూశాడు. నా మొగుడి నొప్పి ఊళ్ళో అందరికీ పంచారు కదమ్మా. నాకొక్కదానికే ఇయ్యరా?"

దూకినప్పటినుంచి ఆసుపత్రి గేటుదాకా పట్టీ రాసుకున్నదాని అసలు ప్రతి వకుళ దగ్గర ఉంది. ఆమె సువార్తని మంచం మీద పడుకోబెట్టి పట్టీ కట్టింది. పన్నెండో వంతు పెట్టబోతే సువార్త ఒప్పుకోలేదు. మొత్తం పెడితే ప్రాణానికే ప్రమాదం. చివరికి సగానికి ఒప్పుకుంది. భయాన్ని మాత్రం వడకట్టొద్దంది.

ఆ ఎనిమిది సెకన్లూ ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం విని పక్కగదిలోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. వకుళ ఆపెయ్యబోయింది. సువార్త వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత నొప్పి లేదు. పంతొమ్మిది నిమిషాలూ ఆమె కదలకుండా పడుకుంది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి.

పట్టీ తీశాక లేచి కూర్చుంది.

"నేను చెయ్యి పట్టుకునే ఉన్నానమ్మా. ఒక్క క్షణం కూడా వదల్లేదు. ఆయనకి ఆ చెయ్యే లేదు. మెడ కింద ఏమీ లేదు. ఒట్టి చలి. మొహం మీద గాజుముక్కలుంటే కొంగుతో తుడిచా ఒకసారి. అదొక్కటి తెలిసింది ఆయనకి. ఇంకోసారి తుడవాల్సింది."

వకుళ ఆమె పక్కన కూర్చుంది. సువార్తే మళ్ళీ మాట్లాడింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"మేడమ్, నడుం దగ్గర బిగుసుకోలేదు."

"అంటే?"

"తాడు ఆగినప్పుడు బెల్టు నడుముని కోసేస్తది. పడ్డ ప్రతిసారీ. ఇరవయ్యేళ్లు నేను ఆముదం రాసింది ఆడే. బెల్టు వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ కోస్తది, జారి పక్కటెముకల్లోకి ఎక్కుద్ది. ఇప్పుడు ఏమీ తగల్లా. ముందు నేలే తగిలింది. తాడు అసలు ఆగనేలేదు. ఆపలేదు వాళ్ళు."

వకుళ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ క్షణాన్ని సాగదీసి చూసింది. మెడ దగ్గర పెద్ద కొండలాంటి గీత. దానికి ముందు నడుము దగ్గర చదునుగా, ఏమీ లేదు. సినిమా కోసం ఎన్నోసార్లు వాళ్ళు ఆ గీతని చూశారు. ఎవరూ నడుము వైపు చూడలేదు, అక్కడ అమ్ముడుపోయేదేమీ లేదు కాబట్టి.

కార్మిక శాఖ విచారణ నెల తర్వాత మొదలైంది. విచారణాధికారి పేరు చక్రపాణి, యాభై దాటిన మనిషి. వకుళ గీతలు చూపించి అరగంట వివరించింది. సంస్థ లాయరు లేచి, ఇవి కంప్యూటర్‌లో ఎవరైనా గీసుకోగల బొమ్మలన్నాడు.

"అయితే పట్టీ కట్టుకుని చూడమనండి," అంది సువార్త వెనక బెంచీలోంచి. "డైరెక్టరు గారు ఇక్కడే ఉన్నారుగా. తాడు ఆగిందో లేదో ఆయన్నే చెప్పమనండి."

చక్రపాణి మార్తాండ్ వైపు చూశాడు. "ఏమంటారు?"

"నాకు బీపీ ఉందండీ," అన్నాడు మార్తాండ్. "డాక్టరు వద్దన్నారు."

"సినిమాలో పన్నెండో వంతేగా. అదైనా కట్టుకున్నారా మీరు?"

మార్తాండ్ లాయరు వైపు చూశాడు. లాయరు కాగితాల వైపు చూశాడు.

"లేదండీ. నేను తీసే పనిలో ఉంటాను కదా," అన్నాడు మార్తాండ్.

చక్రపాణి ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తను ఆ సినిమా కుటుంబంతో కలిసి చూశానని, ఈలలు వేసినవాళ్ళలో తనూ ఉన్నానని, ఆ సంగతి రికార్డులోకి ఎక్కించమని గుమాస్తాకి చెప్పాడు. పట్టీ తీసుకుని తనే మెడకి పెట్టుకున్నాడు. వకుళ పావు వంతు మాత్రమే పెట్టింది. భయాన్ని ఉంచేసింది.

రెండు సెకన్లకి అతను కుర్చీలోంచి కింద పడ్డాడు. గుమాస్తా లేపబోతే తోసేశాడు. నేల మీదే కూర్చుని ఎనిమిది సెకన్లూ పూర్తిచేశాడు. లేచి నిలబడటానికి పది నిమిషాలు పట్టింది. నడుము దగ్గర ఏ బిగింపూ కలగలేదని రాసి సంతకం పెట్టాడు.

ఆ సంతకం చూశాక తాడు పట్టుకున్న నలుగురిలో ఒకడు నోరు విప్పాడు. ఎర్రగుర్తు దాటాక ఇంకో ఏడడుగులు వదలమని మార్తాండ్ చెప్పించాడు. ఏసోబుకి చెప్పొద్దన్నాడు. చెబితే ఒళ్ళు ముందే బిగబట్టుకుంటాడు, గీత తగ్గిపోతుంది. కింద పలచటి పరుపు ఉంది కదా, పక్కటెముక విరిగితే విరుగుతుంది అనుకున్నారట.

మార్తాండ్ అరెస్టయ్యాడు. పదకొండు రోజుల్లో బెయిలు మీద బయటికొచ్చాడు. జైలు గేటు దగ్గర అతనికి దండ వేశారు. సినిమా ఆడటం ఆపెయ్యమని ఉత్తర్వు వచ్చింది. అభిమానులు ధర్నా చేశారు. కళ మీద దాడి అన్నారు. నలభై రోజుల తర్వాత పైకోర్టు ఒక షరతు మీద సినిమాని వదిలింది. ఏసోబు రికార్డు సీలు వేసి కోర్టు అధీనంలో ఉండాలి, ఆ ఎనిమిది సెకన్లు ఎక్కడా వెయ్యకూడదు. పడే దృశ్యం ఉండొచ్చు, నొప్పి ఉండకూడదు.

ఆసుపత్రులకి ఇస్తామన్న వెయ్యి పట్టీల గురించి వకుళ మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగింది. కేసు తేలేదాకా పట్టీలన్నీ సాక్ష్యమేనన్నారు. థియేటర్ల నుంచి పీకిన లక్షల పట్టీలు ఒక గోదాములో మూటలుగా పడి ఉన్నాయి. తొలి బిడ్డని బతికించిన ఆసుపత్రిలోని రెండు పట్టీలని కూడా పట్టుకుపోయారు.

ఎనిమిది సెకన్లు తీసేసిన సినిమా మళ్ళీ విడుదలైంది. మొదటి వారమే జనం తగ్గిపోయారు. రెండోవారం మంగళవారం మ్యాట్నీకి వెళ్దామని సువార్త అడిగింది. ఆమె ఆ సినిమా అప్పటివరకూ చూడలేదు. వకుళ తోడు వెళ్ళింది.

హాల్లో ముప్ఫైమంది కూడా లేరు. సువార్త హీరో మొహం కనిపించినప్పుడల్లా తల దించుకుంది. వెనకనుంచి తీసిన దృశ్యాల్లో తలెత్తింది. ఆ వీపు, ఎడమకాలు కొద్దిగా ఈడ్చే ఆ నడక ఎక్కడ కనబడినా రెప్ప వెయ్యలేదు.

గోడ మీదనుంచి దూకే దృశ్యం వచ్చింది. గాజు పగిలింది. మనిషి పడ్డాడు. హాల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

"ఇక్కడేనంట అసలైంది," అన్నాడు వెనక వరసలో ఒకాయన. పక్కన భార్య, ఒళ్ళో పాప్‌కార్న్. "పీకేశారు. ఇంకేముంది చూడటానికి."

సువార్త లేచి వెనక్కి తిరిగింది. తెర వెలుతురు ఆమె వీపు మీద పడుతోంది.

"ఏం కావాలయ్యా నీకు?"

ఆయన తడబడ్డాడు. "మిమ్మల్ని కాదమ్మా. సినిమా గురించి అన్నా."

"సినిమా సంగతి నేనడగలా. ఆడ పడ్డోడు నా మొగుడు. పేరు ఏసోబు. నీకింకా ఏం కావాలో చెప్పు, వింటా."

ఆయన భార్య మొహం పక్కకి తిప్పుకుంది. అక్కడక్కడా కూర్చున్నవాళ్ళు ఇటు చూశారు. ఎవరో కూర్చోమని మెల్లగా అన్నారు. వకుళ మామూలుగా అయితే సువార్త చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టేది. ఆమె కూడా లేచి పక్కన నిలబడింది.

ఆయన సీటు చేతుల్ని పట్టుకుని, వాళ్ళిద్దరినీ దాటి తెర వైపు చూడటానికి ప్రయత్నించాడు. తెర కనబడలేదు. వెనక హీరో లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, సంగీతం హోరెత్తింది. సువార్త కూర్చోలేదు.